సముద్రంలో పోసిన మంచినీళ్లు

వెళ్ళితురై
14 జూన్ 1983

చెల్లెలు అమలికి అక్క జసింత దీవించి రాయునది.

మఠంలో నిన్ను సిస్టర్ డొమినికా అంటారని తెలుసు. నాకు ఆ పేరు నోరు తిరగదు. నా చంక దిగని అమలివే నువ్వు. ఆ రాంచీలో చపాతీలు నమిలి నమిలి నీ దవడలు అరిగిపోయి ఉంటాయని మీ బావ అంటున్నాడు. చేపల పులుసు వాసనైనా తగలని ఊళ్లో దేవుడెలా బతుకుతున్నాడో కనుక్కుని రాయమన్నాడు. వేళాకోళానికి తక్కువ లేదు గాని, మనిషి తెప్ప ఎక్కడం మానేశాడు. రాయప్పన్ పోయినప్పటి నుంచి ఒడ్డున కూర్చుని ఊరివాళ్ల వలలు బాగుచేస్తున్నాడు.

మన పాప ప్రకాసి మళ్ళీ బడికి వెళ్తోంది. కిందటేడు నువ్వు సెలవు మీద వచ్చి దాన్ని మధురై డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉండకపోతే ఏమైపోయేదో. నిద్ర లేకుండా గోడ మూలలతో మాట్లాడే పిల్ల, అన్నంలో విషం కలిపామని కంచం తోసేసిన పిల్ల, ఇప్పుడు చీర కుచ్చెళ్ళు సర్దుకుని రెండో తరగతికి పాఠం చెబుతోంది. కానీ ఆ మాత్రలు మింగితే చేతులు వణుకుతున్నాయి. సుద్దముక్క జారి పడుతుంటే పిల్లలు "టీచరమ్మ చెయ్యి డాన్సాడుతోంది" అని నవ్వారట. ఇంటికొచ్చి ఏడ్చింది. తూత్తుకుడి రేవులో గుమస్తా సంబంధం ఒకటి వచ్చింది. వాళ్ల ముందు కాఫీ గ్లాసు పట్టుకుని వణికితే నేనేం చెప్పను? ఈ మాత్రలు ఇంకెన్నాళ్లు వాడాలో రాయి.

రాయప్పన్ సంగతి నీకు చెప్పేదేముంది. సముద్రం తిరిగివ్వని వాళ్లకు మనలో గోరీ లేదు కదా. ఆత్మల పండుగనాడు అందరూ శ్మశానంలో కొవ్వొత్తులు వెలిగిస్తుంటే నేను బిందెతో మంచినీళ్లు మోసుకెళ్ళి అలల్లో పోసి వస్తున్నాను. ఉప్పునీళ్ల మధ్య నా బిడ్డకు దాహం తీరాలి కదా. పోసిన నీళ్లు వాడికి అందుతాయో లేదో చెప్పేవాళ్లు లేరు.

సెలెస్తి వదిన మణల్‌కుడి పునీత అంతోనివారి కోవెలకు వెళ్ళమంటోంది. "తాళంచెవి పోతే ఆయనకే కదే మొక్కుతాం, మనిషి పోతే చూపించడా?" అంటోంది. నేనింకా ఏమీ అనుకోలేదు.

నీ అక్క
జసింత


రాంచీ
29 జూన్ 1983

అక్కా,

బావకు చెప్పు, దేవుడు ఇక్కడ బంగాళాదుంపలు తిని బతుకుతున్నాడు. నేనూ అంతే. కలలో మాత్రం నీ చేతి ఎండుచేప వేపుడే వస్తుంది. లేచాక మెస్ సిస్టర్ మొహం చూస్తే ఏడుపొస్తుంది.

ఇక అసలు సంగతి. ఆ మాత్రలు జలుబు మాత్రలు కావు, తగ్గగానే పారేయడానికి. ప్రకాసి బాగుందంటే అవి పనిచేస్తున్నాయనే అర్థం. చేతుల వణుకు తగ్గడానికి ఇంకో చిన్న మాత్ర ఉంది. మధురై డాక్టరు పేర చీటీ రాసి ఇందులో పెడుతున్నాను. అది తీసుకుని పాపను వెంటబెట్టుకుని వెళ్ళు. చీటీ చూపిస్తే ఆయన వరసలో నిలబెట్టడు, నాతో కలిసి పనిచేసిన మనిషి.

పెళ్ళివాళ్ళకు నిజం చెప్పు. కాదని పోతే పోనీ. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో పాప మాత్రలు ఎక్కడ దాచుకుని మింగుతుంది?

సెలెస్తి వదిన మొగుడికి చక్కెర జబ్బు కదా. ఆయన్ని ఏ కోవెల ధ్వజస్తంభానికి కట్టేసిందో అడుగు. అంతోనివారికి నేనూ రోజూ కొవ్వొత్తి వెలిగిస్తాను. నా కళ్ళద్దాలు ఆయనే వెతికిపెడుతుంటాడు. ఆయన మీద నాకు కోపమేమిటి? ఆ ఆవరణను నడిపే వాళ్లతోనే నాకు పేచీ. నర్సు చదువుతున్నప్పుడు అక్కడినుంచి వచ్చిన ఒకామె కాళ్ళు కడిగాను. ఏం చూశానో రాయను. పాపను అక్కడికి తీసుకువెళ్ళకు. నా మీద ఒట్టు.

అమలి


మణల్‌కుడి
అంతోనివారి కోవెల ఆవరణ
24 ఆగస్టు 1983

చెల్లెలు అమలికి,

ఎక్కడినుంచి రాస్తున్నానో చూసి కోప్పడతావని తెలుసు. ముందు మొత్తం చదువు.

పెళ్ళిచూపులకు కొన్నాళ్ల ముందు నుంచే పాప చేతులు వణకడం మానేశాయి. మొహంలో ఆ మత్తు పోయింది. ఎంత కళగా ఉందో అనుకున్నాను. వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు. పాప ట్రే తీసుకుని వచ్చింది, వంగి అందరికీ ఇచ్చింది. ఇంకో గ్లాసు చేతిలో మిగిలింది. పాప పెళ్ళికొడుకు తల్లి వెనక ఖాళీలోకి చూసి, "మా అన్న తడిబట్టలతో నిలబడ్డాడు, కాస్త జరిగితే ఆయనక్కూడా కాఫీ ఇస్తాను" అంది. ఎంత మర్యాదగా అందో, అమలీ. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. ఎవరూ తాగలేదు.

ఆ తర్వాత బడి మధ్యలోంచి లేచి రెండుసార్లు సముద్రంలోకి నడిచింది. నడుము లోతు దాకా వెళ్తే తెప్పలవాళ్ళు పట్టుకొచ్చారు. ఇంట్లో పెట్టుకుని నేనేం చేయను? మీ బావకు ఇష్టం లేదు. "అమలిని అడిగి వెళ్దాం" అన్నాడు. నీ ఉత్తరం రావాలంటే ఎన్నాళ్లు పడుతుందో ఆయనకేం తెలుసు.

ఇక్కడ గాలి మంచిది. ప్రార్థనలు నడిపే మిక్కేల్ ఉపదేశి అని పెద్దాయన, తెల్లని గడ్డం, చాలా నెమ్మదస్తుడు. "మాత్రా మొక్కూ ఒకే ఒంట్లో ఇమడవమ్మా" అన్నాడు. నువ్వు పంపిన చీటీ భద్రంగా దాచాను. మాత్రలు కూడా భద్రంగానే ఉన్నాయి. అంతోనివారు కలలోకి వచ్చి పొమ్మన్నాక పోవడమే ఇక్కడి ఆచారం. ఎందరో ఉన్నారు. అందరినీ సముద్రంలోకి వెళ్ళకుండా ఒక సన్న గొలుసుతో కట్టి ఉంచుతారు. బిగువుగా ఏం కాదు, కాలికి పట్టీ పెట్టుకున్నట్టే ఉంటుంది.

పాప కుదురుగా ఉంది. నిన్ను అడిగింది.

జసింత


రాంచీ
5 సెప్టెంబరు 1983

అక్కా,

చేతులు వాటంతటవే వణకడం మానవు. మాత్రలు ఆపితే మానతాయి. పెళ్ళిచూపుల కోసం ఆపేశావు. నేను తిట్టను, ఒప్పుకో. ఒప్పుకుంటే మళ్ళీ మొదలుపెట్టడం తేలిక.

నేనడిగిన వాటికి మాత్రం సూటిగా జవాబు రాయి. పాప కాలికి గొలుసు ఎప్పుడైనా తీస్తున్నారా? కట్టిన చోట చర్మం ఎలా ఉంది? కడుపునిండా తింటోందా, నీళ్లు తాగుతోందా? దాన్ని ఎవరైనా కొడుతున్నారా?

మదర్ గారిని సెలవు అడిగాను. ఈ ప్రాంతమంతా విషజ్వరాలు, వార్డులో మంచాల మధ్య నేలమీద కూడా పడుకోబెట్టాం. "అక్కడ తల్లీ తండ్రీ ఉన్నారు కదా" అన్నారు. విధేయత ప్రమాణం చేసినదాన్ని, ఎదురు చెప్పలేకపోయాను. మళ్ళీ అడుగుతాను. మీ ఊరి ఫాదర్‌కు కూడా వేరే ఉత్తరం రాశాను. ఆయన వస్తే గొడవపడకుండా పాపను తీసుకుని ఆయనతో వచ్చేయి.

దాని పక్కన కూర్చుని, "అమలి పిన్ని జ్ఞాపకం చేసుకుంది" అని చెప్పు. నా మాటగా నుదుటి మీద సిలువ గుర్తు వెయ్యి.

అమలి


మణల్‌కుడి
28 సెప్టెంబరు 1983

అమలీ,

నువ్వు అడిగినవన్నీ తర్వాత. రాయప్పన్ మాట్లాడాడు.

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు. మంగళవారాలు ఇక్కడ పెద్ద ప్రార్థన. ఒంట్లో ఆత్మ ఉన్నవాళ్ళంతా పొద్దు పొడిచింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా ఉపవాసం, చుక్క నీళ్ళు కూడా తాగకూడదు. ఇసకలో ధ్వజస్తంభం వైపు తిరిగి కూర్చుంటారు. డప్పులు, గంటలు. ఉపదేశి బెత్తం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అని అడుగుతాడు. పేరు చెబితే సగం దిగినట్టే.

ఇన్ని వారాలూ పాప ఒకటే మాట. "నేను ప్రకాసిని. బడిలో టీచర్ని." బెత్తం నేలమీదే కొడతారు, పాప మీద కాదు, చాలాసార్లు. నిన్న ఎండ మరీ ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం దాటాక ఉపదేశి మళ్ళీ అడిగాడు. పాప తల వేలాడేసింది. తర్వాత మెల్లగా అంది, "నేను రాయప్పన్ని."

నేను ఇసకలో పాకుతూ దాని ముందుకు వెళ్ళాను. "రాయప్పా, నాయనా, ఏం కావాలిరా?" అన్నాను.

"దాహం అమ్మా. మంచినీళ్ళు."

ఆ మాట ఇంకెవరంటారు అమలీ? ఇన్నేళ్లూ నేను అలల్లో పోసినవి వాడికి చాలలేదు. నేను లేచి పరుగెత్తాను. కోవెల బావిలో బిందె ముంచి ఒడ్డుకు పరుగెత్తి పోశాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ పోశాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఏడ్చారు, వాళ్ళూ తలా ఒక చెంబు తెచ్చి పోశారు. తిరిగి వచ్చి, "తాగావా నాయనా?" అని అడిగితే పాప నా చేతిలోని ఖాళీ బిందె వైపే చూస్తోంది. పెదాలు పగిలి ఉన్నాయి. ఒక గుటక పాపకూ ఇద్దామనుకున్నాను. గంట కొట్టకుండా ఇస్తే వచ్చినవాడు వెళ్ళిపోతాడని ఉపదేశి అన్నాడు. అందుకే ఇవ్వలేదు.

నీకు నమ్మకం కుదరదని తెలుసు. వాడే అని రుజువు కూడా ఉంది. "నా నీలం చొక్కా దండెం మీదే ఉండిపోయింది" అన్నాడు. ఆ రోజు పొద్దున వాడు వెళ్ళేటప్పటికి నీలం చొక్కా దండెం మీద తడిగానే ఉంది. ఇది బయటివాళ్ళకు ఎలా తెలుస్తుంది?

నీ ఫాదర్ కబురు పంపాడు. ఆత్మల పండుగ అయ్యాక వస్తామన్నాను. ఇప్పుడు ఎలా వస్తాను? నా కొడుకు ఇక్కడున్నాడు.

జసింత


రాంచీ
7 అక్టోబరు 1983

అక్కా, అక్కా,

ఆ నీలం చొక్కా ఉతికి ఆరేసింది ఎవరు? ప్రకాసి కాదూ? అది ఆరలేదనే కదా రాయప్పన్ పాత చొక్కా వేసుకుని వెళ్ళాడని, నేను సెలవు మీద వచ్చినప్పుడు దండెం పట్టుకుని నా ముందు ఏడ్చింది ఎవరు? ఆ పిల్ల తన దుఃఖం తాను చెప్పుకుంది. నువ్వు దానికి వేరే పేరు పెట్టావు.

దాహం వేసింది నీ ఎదురుగా ఎండలో కూర్చున్న మనిషికి. పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు లేని మనిషికి. "నేను ప్రకాసిని" అన్నన్నాళ్ళూ ఎవరూ వినలేదు. అన్న పేరు చెబితేనన్నా నీళ్ళు ఇస్తారేమోనని ఆ పేరు చెప్పింది. నువ్వు బిందెలకు బిందెలు తెచ్చి సముద్రంలో పోశావు. దాని కళ్ళముందే పోశావు.

కాగితం మీద ఇంత కఠినంగా రాయకూడదు. కానీ నువ్వు నా పక్కనుంటే చెంప మీద కొట్టి ఉండేదాన్ని. తర్వాత నీ కాళ్ళమీద పడేదాన్ని. ఇప్పుడు రెండోదే చేస్తున్నాను. నువ్వు వాడి గొంతు వినాలని ఎంత తపించావో నాకు తెలియదా? ఆ రాత్రులన్నీ నీ పక్కన పడుకున్నది నేనే. రాయప్పన్ దేవుడి దగ్గర ఉన్నాడు అక్కా. వాడికి దాహం లేదు. అది నేను ప్రార్థనలో నమ్మిన మాట, నర్సుగా చెప్పేది కాదు. నీళ్ళు బతికున్న బిడ్డకు ఇవ్వు.

బావకు చెప్పి దాన్ని తీసుకురా. ఉపదేశితో వాదించకు, పొరుగూళ్లో చావుందని చెప్పు, ఏ అబద్ధమైనా చెప్పు, పాపం నాది. దాని కాలు చూడు. గొలుసు కింద ఎర్రగా ఉన్నా, చీము పట్టినా వెంటనే రాయి.

అమలి


మణల్‌కుడి
11 అక్టోబరు 1983

చెల్లెలు అమలికి,

నీ దగ్గరినుంచి ఇంకా ఉత్తరం రాలేదు. నాకిక్కడ ఏమీ తోచడం లేదు, అందుకే రాస్తున్నాను.

రాయప్పన్ మాట్లాడటం మానేశాడు. నా మీద అలిగాడో ఏమో. మొన్నటినుంచి పాప నోరు సరిగ్గా తెరవడం లేదు. గంజి పోయబోతే పళ్ళు గట్టిగా కరుచుకుంది, చెంచా కూడా దూరలేదు. "పేరు బయటపెట్టాడు కదా, ఇప్పుడు సిగ్గుపడి తలుపు మూసుకున్నాడు, ఇంకో రెండు మంగళవారాలు గట్టిగా చేస్తే దిగిపోతాడు" అని ఉపదేశి అన్నాడు. గంట మోగిస్తే చాలు, పాప ఒళ్ళు మెడ నుంచి మడమల దాకా వెనక్కి విల్లులా వంగిపోతోంది. అది చూసి అందరూ స్తోత్రం చెబుతున్నారు, ఆత్మ పోవడానికి పెనుగులాడుతోందని. అందుకని దాని పక్కనే గంట కట్టారు.

మొహం మీద నవ్వు ఒకటి నిలిచిపోయింది. నిద్రలోనూ పోవడం లేదు. మొదట రాయప్పన్ నవ్వే అనుకుని సంతోషపడ్డాను. ఇప్పుడు దాన్ని చూస్తే నాకు భయంగా ఉంది. ఎవరితో అనాలో తెలియక నీకు రాస్తున్నాను.

నువ్వు కాలు సంగతి అడిగావు కదా. చెప్పకుండా దాటేశాను. గొలుసు ఒరుసుకుని చిన్న పుండు పడింది. దీపం నూనె, బూడిద కలిపి రాస్తున్నాం. మానిపోతుంది.

పాప కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఆ కళ్ళు రాయప్పన్‌వి కావు అమలీ. నాకు తెలుస్తోంది.

జసింత


టెలిగ్రాం
రాంచీ, 19 అక్టోబరు 1983
తొమ్మై, వెళ్ళితురై

బావా, ప్రకాసికి ధనుర్వాతం. ఆత్మ కాదు. గొలుసు పుండు వల్ల. ఈ క్షణమే జిల్లా ఆసుపత్రికి చేర్చు. గంట, వెలుగు, చప్పుడు వద్దు. ఎవరినీ అడగవద్దు. అమలి


వెళ్ళితురై
4 నవంబరు 1983

అమలీ,

నేను పంపిన టెలిగ్రాంలో రాయించిన ఒక్క మాటతో నీకు అంతా తెలిసింది. మిగిలింది రాయకపోతే నాకు ఊపిరి ఆడదు.

పోస్టుమాస్టరు నీ టెలిగ్రాం చదివి వినిపించగానే మీ బావ చేతిలో వల అలాగే పడేసి బస్సెక్కాడు. ఆవరణలోకి ఆయన నడిచి వస్తుంటే నాకు ముందు కోపం వచ్చింది, చెప్పులతో ఇసకలోకి వచ్చాడని. ఉపదేశి అడ్డం వచ్చి, "అంతోనివారు పొమ్మనలేదు" అన్నాడు. మీ బావ అరవలేదు. "నేను పొమ్మంటున్నాను. దాని తండ్రిని" అన్నాడు. తెప్ప మోకు కోసే కత్తి వెనక్కి తిప్పి, పాపను కట్టిన కొయ్యకున్న తాళం మీద కొట్టి కొట్టి ఊడగొట్టాడు. ఆ చప్పుడుకు పాప ఎన్నిసార్లు వంగిపోయిందో. ప్రతిసారీ ఆయన, "అయిపోయిందమ్మా, ఇదే ఆఖరు" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో చీకటి గదిలో పడుకోబెట్టారు. అక్కడ చెంచా కింద పడినా నర్సులు ఉలిక్కిపడేవాళ్ళు. దవడ బిగుసుకున్న రోజే తెచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. నోట్లో నీళ్ళు పోయడానికి లేదు, పోస్తే గొంతు పట్టేస్తుంది. దూది తడిపి పెదాలకు అద్దమన్నారు. అద్దుతూ కూర్చున్నాను. నేను ఎన్ని బిందెలు పోశానో నువ్వు అడగకు.

పాపకు ఆఖరిదాకా తెలివి ఉంది. అన్నీ వింటోందని నర్సు చెప్పింది. పళ్ళ సందుల్లోంచి ఒకసారి "అమ్మా" అంది. ఎవరి గొంతని నేను అడగలేదు.

ఆత్మల పండుగకు ముందురోజు మట్టి చేశాం. దానికి గోరీ ఉంది.

నీ అక్క అని రాయడానికి చెయ్యి రావడం లేదు.


రాంచీ
22 జనవరి 1984

అక్కా,

నీ ఉత్తరం ఇన్నాళ్ళు జపమాల సంచిలో పెట్టుకుని తిరిగాను. రోజూ జవాబు మొదలుపెట్టి చించేశాను.

నిన్ను క్షమించమని అడిగితే నా దగ్గర ప్రస్తుతం అది లేదు. పొద్దున ప్రార్థనలో "మా యొద్ద అప్పుపడినవారిని మేము క్షమించునట్లు" అనే చోటికి వచ్చేసరికి నా నోరు ఆగిపోతోంది. పక్క సిస్టర్లు ఆ వాక్యం చెబుతుంటే నేను పెదాలు కదుపుతాను. ఎవరికీ తెలియదు. నీకే చెబుతున్నాను.

నాకు నీ మీద ఉన్న కోపం నీ మీద ఉన్న ప్రేమ కంటే పెద్దది కాదు. అదే బాధ. పెద్దదైతే ఉత్తరం రాయకుండా ఊరుకునేదాన్ని.

మిక్కేల్ ఉపదేశి మీద జిల్లా అధికారికి రాశాను, బిషప్ గారికి రాశాను. విచారిస్తామని ఇద్దరూ జవాబిచ్చారు. ఎవరైనా వెళ్ళారో లేదో తెలియదు. ఆ ఇసకలో ఇంకా ఎందరో కూర్చుని ఉన్నారు. వాళ్ళ మొహాలు నేను చూడలేదు, నువ్వు చూశావు. ఈ మాట నిన్ను పొడవడానికి రాయడం లేదు. ఒకవేళ పొడవడానికే రాస్తున్నానేమో, నాకే తెలియడం లేదు.

బావను తెప్ప ఎక్కమను. మనిషి నీళ్ళ మీద ఉంటేనే నిలబడతాడు.

అమలి


మధురై
ఆసుపత్రి వరండా
13 జూన్ 1984

చెల్లెలు అమలికి అక్క జసింత రాయునది.

ఇక్కడినుంచి రాస్తున్నానేమిటా అని భయపడకు. మీ బావా నేనూ బాగానే ఉన్నాం.

పోయిన వారం మిక్కేల్ ఉపదేశి దగ్గరినుంచి కబురు వచ్చింది. "మీ ప్రకాసి ఇంకో పిల్ల నోట పలుకుతోంది. నేను టీచర్ని, నా కాలు నొప్పి అంటోంది. అమ్మను పిలవమంటోంది. అంతోనివారి పండుగలోపు వచ్చి మాట్లాడండి" అని. మీ బావ, "వెళ్ళకు జసింతా. నిన్ను మళ్ళీ ఆ ఇసకలో చూడలేను" అన్నాడు. నేను చీర మార్చుకున్నాను. ఆయన చొక్కా తొడుక్కుని వెనకే వచ్చాడు.

నీకు అబద్ధం చెప్పను. బిడ్డ గొంతు వినాలనే వెళ్ళాను. ఆ పిల్లను కాపాడాలని ఏమీ కాదు.

మంగళవారం. అదే ఎండ, అదే డప్పులు. నన్ను చూసి జనం తప్పుకుని దారి ఇచ్చారు, పెద్దమనిషికి ఇచ్చినట్టు. ప్రకాసిని కట్టేసిన కొయ్యకే ఆ పిల్లను కట్టారు. ఇంకా ఓణీ వేసుకునే వయసు. పక్కన వాళ్ళ అమ్మ కూర్చుని ఉంది, కొంగుతో విసురుతూ, నేను కూర్చున్న చోటే. ఉపదేశి, "అడుగు తల్లీ, నీ బిడ్డను ఏం అడగాలనుకుంటే అది అడుగు" అన్నాడు.

పిల్ల తల ఎత్తి "అమ్మా" అంది.

అది ప్రకాసి గొంతే, అమలీ. ఆ ఆవరణలో నెలల తరబడి అందరూ ప్రకాసి కథే చెప్పుకుంటారని, ఆ పిల్ల విననిది ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళంతా అటే లాగింది. ఇంకొక్క మాట అడిగితే ఆ గొంతు ఇంకొక్క మాట చెబుతుంది. నువ్వు నన్ను క్షమించావా అని అడిగితే ఆ పిల్ల క్షమించాననే అనేది. నేను నోరు తెరిచాను కూడా.

అప్పుడు ఆ పిల్ల, "దాహం అమ్మా" అంది.

ఎవరో నా చేతికి నిండు బిందె ఇచ్చారు. ఆడవాళ్ళంతా లేచి సముద్రం వైపు దారి వదిలారు. అందరికీ తెలుసు కదా, ఏం చేయాలో నేనే కదా వాళ్ళకు నేర్పింది. నేను బిందె ఎత్తుకుని అటు రెండడుగులు వేశాను కూడా. తర్వాత వెనక్కి తిరిగి వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"గంట కొట్టలేదు. మొక్కు చెడుతుంది" అన్నాడు ఉపదేశి.

"చెడనీ" అన్నాను.

మెడ కింద చెయ్యి వేసి బిందె అంచు నోటికి ఆనించాను. సగం మెడ మీదా ఓణీ మీదా పోయింది. పొలమారింది, దగ్గింది, మళ్ళీ నోరు పెట్టింది. గుటకలు నా చేతికి తెలుస్తున్నాయి. ఎవరో నా భుజం పట్టి లాగారు, మీ బావ వాళ్ళను లాగాడు. పిల్ల ఆపేదాకా నేను బిందె తియ్యలేదు. అప్పుడడిగాను, "నీ పేరేంటమ్మా?"

ఓణీతో మూతి తుడుచుకుంది. "సగాయమేరి" అంది.

నేను వాళ్ళ అమ్మ వైపు తిరిగి, నాకు ఏం జరిగిందో ఏమీ దాచకుండా చెప్పాను. ప్రకాసి నోరు మూసుకుపోయిన సంగతి, నవ్వు సంగతి, దూది సంగతి, అన్నీ. మాత్రలు నేనే ఆపేశానన్న సంగతి కూడా చెప్పాను. నీకు ఎప్పుడూ తిన్నగా ఒప్పుకోలేదు కదా, ఆ పరాయి మనిషి ముందు ఒప్పుకున్నాను. తర్వాత ఆ పిల్ల కాలు చూపించమన్నాను. గొలుసు కింద పుండు అప్పుడే ఎర్రబడుతోంది. ఆవిడ వంగి ఆ పుండు చూసింది. గొలుసు విప్పమని ఉపదేశిని తనే అడిగింది, కన్నతల్లే అడిగేసరికి విప్పక తప్పలేదు.

నలుగురం కలిసి మధురై బస్సెక్కాం. ఇంజక్షన్ చేశారు. పుండు కడిగి కట్టు కట్టారు. పెద్ద డాక్టరు గది ముందు చాలా వరస ఉంది. నువ్వు పంపిన చీటీ నా పెట్టెలో బట్టల అడుగున భద్రంగా ఉంది కదా, బయలుదేరే ముందు ఎందుకో కొంగున ముడివేసుకున్నాను. అది లోపలికి పంపాను. దానిమీద ప్రకాసి పేరు చూసి డాక్టరే బయటికి వచ్చాడు. "ప్రకాసి ఎలా ఉంది?" అని అడిగాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, సగాయమేరిని లోపలికి తీసుకువెళ్ళాడు.

ఇక్కడ కొన్నాళ్ళు ఉండాలట. వాళ్ళ అమ్మకు ఈ ఊళ్ళో ఎవరూ తెలియదు, నేను తోడుంటాను. మీ బావ రేపు ఊరికి పోయి తెప్ప దింపుతానంటున్నాడు. నీ ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర నీ నోరు ఇంకా ఆగిపోతుంటే ఆగనీ, నాకేమీ కష్టం లేదు. డాక్టరుకు మాత్రం ఈ పిల్ల గురించి నాలుగు ముక్కలు రాయి, నీ మాట వింటాడు.

పిల్ల నీళ్ళు అడుగుతోంది. ఇచ్చి వస్తాను.

నీ అక్క
జసింత